శనివారం బండికి ఊల్య ప్రయాణం

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడకు ఊరికే కూర్చోవడం చేతకాదు.

మిగతావన్నీ నేను సర్దుకుపోగలను. నస పెట్టే అత్తగార్లు, నాలుగిళ్ళు తిరిగి కోడలి వంట గురించి చెప్పుకొచ్చే అత్తగార్లు ఈ కంటోన్మెంటులో ఏటా ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. నెల తిరక్కుండా ఎండకు జడిసి వెళ్ళిపోతూనే ఉంటారు. ఈ కారాకుమ్ ఎడారి ఇసుకలో మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా నీళ్ళ ట్యాంకరు కిందికి దూరి నాలుకలు వేలాడేసుకున్న వేళ, తలగుడ్డ బిగించి "ఇంకేం పనుందే?" అని అడిగే మనిషిని ఏం చెయ్యాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

ఆవిడ వచ్చి పదకొండు రోజులయింది. కిటికీలకు నేను వేలాడదీసిన తడి దుప్పట్లు మొదటిరోజే దించి, ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి దాచారు. ఇంట్లో గాలి ఆడాలని పన్నెండింటికి తలుపులు బార్లా తెరిచారు. వాకిట్లో ఇసుక తవ్వి బంగాళాదుంపలు నాటారు. మూడు రోజులకు మా ఆయన గ్లెబ్ ఒకటి పెకలించి చూసి, "మొలకెత్తలేదమ్మా, ఉడికినట్టుంది" అన్నాడు. ఆ తర్వాత ఆవిడ నడవలో చెక్కనేలకు ఎర్రమట్టి రంగు ఆయిల్ పెయింటు పూశారు. ఉత్తరాన ఆవిడ ఊరు వోలోగ్దాలో ఏటా వేసవికి నేలలకు రంగు పూస్తారు. ఇక్కడా వేసవే కదా అని.

వద్దని నేనన్నానా? అనలేదు. నేల నిజంగానే బాగుంది.

ఈ శుక్రవారం పొద్దున మాత్రం ఆవిడ చేతులకు వేరే పనేమీ మిగల్లేదు. మంచం మీద పెట్టె తెరిచి, మా నాలుగేళ్ళ ఊల్య బట్టలు సర్దుతున్నారు.

"ఉన్ని కోటు కూడానా అత్తయ్యా? జూలై నెల."

"సాయంత్రాలు చలి వేస్తుంది."

"ఎక్కడ?"

"మా ఊళ్ళో. మీ ఊళ్ళో వేస్తుందని నేనన్నానా?"

శనివారం పొద్దున ఆరింటికి ఉత్తరానికి పోయే బండి వస్తుంది. వారానికి అదొక్కటే. ఆ బండిలో నాయనమ్మతో ఊల్య నాలుగు రోజులు ప్రయాణం చేసి వోలోగ్దా చేరుతుంది. ఈ వేసవికే కాదు. గ్లెబ్‌కు ఈ పోస్టింగు అయ్యేదాకా. అంటే పద్నాలుగు నెలలు. నాలుగేళ్ళ పిల్లకు పద్నాలుగు నెలలంటే ఒక జన్మ. తిరిగొచ్చేసరికి అది నన్ను ఎవరో ఆంటీ అనుకుంటుంది.

"గ్లెబ్, నువ్వు కూడా ఒక మాట చెప్పు," అన్నాను.

గ్లెబ్ స్టూలు మీద కూర్చుని రేడియో విప్పుతున్నాడు. ఆ రేడియో నిన్న కూడా విప్పాడు. దానికే జబ్బూ లేదు. సిగ్నల్ దళంలో కెప్టెన్ కాబట్టి, ఇంట్లో గొడవైనప్పుడల్లా దానికి వైద్యం జరుగుతుంది.

"కంపౌండరు చెప్పాడు కదా తాయా," అన్నాడు తలెత్తకుండా. "పిల్ల నీళ్ళు తాగకపోతే ఇక్కడ ఉంచడం ప్రమాదం అన్నాడు."

అదే వచ్చింది చిక్కు. సోమవారం నుంచి ఊల్య నీళ్ళు తాగడం లేదు.

తాగే నీళ్ళలా లేవు మరి. నడవ మూలలో ఉన్న మట్టి బానలో నీళ్ళు రెండేళ్ళుగా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. సోమవారం పొద్దున గ్లాసు ముంచితే గోరువెచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నానికి కాళ్ళు కడుక్కునే నీళ్ళయ్యాయి. ఫ్రిజ్ ఉంది కానీ ఇక్కడ కరెంటు సాయంత్రం రెండు గంటలే. అందులో నేను పుస్తకాలు పెట్టుకుంటాను, ఇసుక పట్టదని. ఊల్య ఒక్క గుక్క తాగి ఉమ్మేస్తుంది. టీ ఇస్తే మొహం తిప్పేస్తుంది. పెదాలు ఎండిపోయాయి, ఆట మానేసింది, ఒళ్ళు వెచ్చబడింది.

"నీళ్ళు కూడా కాగిపోయే చోట పిల్లను పెంచుతారా ఎవరైనా?" అన్నారు మా అత్తగారు, ఉన్ని కోటుకు గుండీలు పెడుతూ.

ఆదివారం దాకా అయితే బాన నీళ్ళు ముంచి చేతికిచ్చేదాన్ని.

నిజం చెప్పొద్దూ, మొదటి వేసవి నేనూ ఏడ్చాను. తేళ్ళు దూరతాయి కాబట్టి బూట్లు దులపకుండా వేసుకోకూడదని, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ప్రపంచం లేదనుకుని పడుకోవాలని, దాహానికి వేడి వేడి టీయే మందని ఎవరు చెప్పినా నమ్మలేదు. ఒకరోజు పొద్దున నాలుగింటికి లేచి వాకిట్లో నిలబడ్డాను. ఇసుక నీలంగా, చల్లగా ఉంది. దూరంగా ఎవరిదో ఒంటె మెడ గంట మోగుతోంది. మంచిదే ఈ చోటు, అనిపించింది. ఆ రోజు నుంచి పనులన్నీ ఎనిమిదింటికల్లా ముగించుకుంటాను. ఆ తర్వాత దొరసానిలా బతుకుతాను. కాలేజీలో చదివిన రోజుల్లో ఇంత సుఖం ఎరగను.

ఇవన్నీ గ్లెబ్‌కు చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదు. సుఖంగా ఉన్నానని మొగుడికి ఎవరైనా కబురు చేస్తారా?

"తాయా! ఇంట్లో ఉన్నావా?"

జెమాల్ గొంతు. రైల్వే లైన్‌మన్ భార్య, స్టేషను పక్క మట్టి ఇంట్లో ఉంటుంది. ఈ ఎడారిలో బతకడం నాకు నేర్పిన మనిషి. ఆ బాన ఇచ్చింది కూడా తనే. వాళ్ళ నాన్న చేతి బాన.

మంగళవారం నేను వాళ్ళింటికి వెళ్ళి, పిల్ల మీద బెంగతో నోరు జారాను. "ఇదేం బాన అక్కా, రెండేళ్ళకే చచ్చింది. పాతది అంటగట్టావేమో" అన్నాను. జెమాల్ నా గిన్నెలో ఇంకొంచెం టీ పోసింది.

ఇప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచి, గెడ్డం పైకెత్తి లోపలికి వచ్చింది. చేతిలో చిన్న కడవ.

"పిల్ల వెళ్ళిపోతోందట. పులిసిన ఒంటె పాలు తెచ్చాను, దారిలో తాగుతుంది," అంది. తర్వాత నా వంక కాకుండా గోడ వంక చూసి, "మా నాన్న బానను కూడా ఒకసారి చూసి పోదామని," అంది.

"కూర్చో అక్కా..."

"చూశాక కూర్చుంటాను."

నడవలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. మా అత్తగారు కోటు చేతిలో పట్టుకునే వచ్చారు. పోట్లాట ఉంటే ఆవిడకు పని ఉన్నట్టే.

ఆ మూల పగలు కూడా చీకటే. జెమాల్ బాన ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులూ దాని కడుపు మీద వేసింది. జ్వరం వచ్చిన పిల్లను తడిమినట్టు తడిమింది. అరచెయ్యి తిప్పి చూసుకుంది. మళ్ళీ తడిమింది. గోరుతో గట్టిగా గీకింది.

"తాయా," అంది మెల్లగా, "దీనికి చొక్కా ఎవరు తొడిగారు?"

"చొక్కా ఏంటి?"

గోరు చూపించింది. గోరు నిండా ఎర్రమట్టి రంగు.

నేను వంగి చూశాను. బాన రంగూ అదే, నేల రంగూ అదే. నాలుగు రోజులుగా పైనుంచి గ్లాసు ముంచుకున్నాను తప్ప పక్కన చెయ్యి వెయ్యలేదు. నడవంతా రంగు వాసనే కాబట్టి ముక్కూ చెప్పలేదు.

"నేనే పూశాను," అన్నారు మా అత్తగారు. గొంతులో దాపరికం ఏమీ లేదు. కొంచెం గర్వం కూడా ఉంది. "కారుతోంటే చూస్తూ ఊరుకోమంటారా? రోజూ పొద్దున దాని కింద చెంబుడు తడి. కొత్తగా రంగేసిన నేల! ఆదివారం ఖాళీ అయినప్పుడు బోర్లించి, రెండు పూతలు వేశాను. అడుగున కూడా. ఇప్పుడు చూడు, చుక్క కారితే నన్నడుగు."

"కారట్లేదు పెద్దమ్మా," అంది జెమాల్. "నిజమే. చుక్క కారట్లేదు."

అని నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏముందమ్మా అంత నవ్వు? బాగుచెయ్యడం తప్పా?"

"అది కారడం కాదు పెద్దమ్మా, చెమట! బానకు ఒంటినిండా సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి చెమరుస్తుంది. ఆ చెమట ఆరినప్పుడల్లా లోపల నీళ్ళు చల్లబడతాయి. మనకు చెమట పట్టకపోతే ఈ ఎండకు రెండు రోజులు బతుకుతామా? దానికీ అంతే. మీరు దాన్ని నిలువునా మూసేశారు."

మా అత్తగారు కోటు గుండీ ఒకటి ఊడదీశారు, మళ్ళీ పెట్టారు. గదిలో రేడియో విప్పే చప్పుడు ఆగిపోయింది.

"మా ఊళ్ళో కారే కుండను కారే కుండే అంటారు," అన్నారు చివరికి.

"మీ ఊళ్ళో నీళ్ళు చల్లబరచాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది పెద్దమ్మా? మంచు పగలగొట్టుకుని తాగుతారు కదా."

"పగలగొట్టుకుంటాం. గొడ్డలితో," అన్నారు ఆవిడ. ఓడిపోయిన మాట కూడా గెలిచినట్టే చెబుతారు. "ఆ రంగు గీకేస్తాను. సాయంత్రానికల్లా గీకేస్తాను."

"పోదు. రంధ్రాల్లోకి దిగిపోయింది. ఇక దీన్ని గోధుమపిండికి వాడుకో తాయా. ఒక్క పురుగు దూరదు."

"అక్కా, మంగళవారం నేనన్న మాట..."

"ఏ మాట?" జెమాల్ కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "మంగళవారం ఇసుకగాలి. నా చెవుల నిండా ఇసుకే. కెప్టెన్ గారూ! మీ నీళ్ళ సీసా ఏది?"

గ్లెబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవరు. మేకుకు తగిలించి ఉన్న తన డ్యూటీ సీసా తెచ్చి ఇచ్చాడు. దానికి ఉన్నిగుడ్డ తొడుగు. వాళ్ళమ్మ వచ్చినప్పటి నుంచి సెలవులో ఉన్నాడు కాబట్టి ఎండిపోయి ఉంది.

జెమాల్ అందులో బాన నీళ్ళు పోసి, తొడుగును పిండేంతగా తడిపి, వెనక గుమ్మం దగ్గర గాలి కొట్టేచోట వేలాడదీసింది.

"గంట ఆగండి."

"అవుట్‌పోస్టులో మేమందరం అలాగే చేస్తాం," అన్నాడు గ్లెబ్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మరి ఇంట్లో?" అన్నాను.

"ఇంట్లో బాన ఉంది కదా."

"బాన చచ్చి నాలుగు రోజులైంది గ్లెబ్."

"దాన్ని నువ్వు చూసుకుంటావనుకున్నాను."

జెమాల్ నా చెయ్యి నొక్కి, నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది. గంట తర్వాత ఊల్యకు ఆ సీసాలో నీళ్ళు గ్లాసులో పోసిచ్చాను. మూతి పెట్టింది. ఆగింది. నా వంక అనుమానంగా చూసింది. తర్వాత రెండు చేతులతో గ్లాసు పట్టుకుని చివరిదాకా తాగి, "ఇంకా," అంది.

మూడు గ్లాసులు తాగింది. నేనూ మా అత్తగారూ చెరో పక్కన నిలబడి, అది మింగినప్పుడల్లా మేం కూడా మింగాం.

నాలుగింటికల్లా ఊల్య చెమట పట్టి, ఒళ్ళు చల్లబడి, మంచం కిందికి దూరి గుడ్డబొమ్మను తిడుతోంది. అచ్చం వాళ్ళ నాయనమ్మ గొంతుతో. "ఊరికే కూర్చున్నావేమే?"

నేను పెట్టె దగ్గరికి వెళ్ళి ఉన్ని కోటు బయటికి తీశాను.

"అక్కడ పెట్టు," అన్నారు మా అత్తగారు.

"ఇంకెందుకత్తయ్యా? పిల్ల తాగుతోంది. జ్వరం లేదు."

"బాన సంగతి వేరు, ప్రయాణం సంగతి వేరు. బండి రేపు ఆరింటికి." కోటు నా చేతిలోంచి తీసుకుని పెట్టెలో పెట్టారు.

నేను మళ్ళీ తీశాను. ఆవిడ మళ్ళీ పెట్టారు. ఆ కోటుకు మా ఇద్దరి మధ్య తిరిగీ తిరిగీ వోలోగ్దా దాకా వెళ్ళొచ్చినంత పనైంది.

"మీరనేది నీళ్ళ కోసం కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరు వచ్చిందే పిల్లను తీసుకుపోవడానికి. వచ్చినరోజు నుంచీ సాకు వెతుకుతున్నారు. కిటికీ అన్నారు, ఇసుక అన్నారు, చివరికి నీళ్ళు దొరికాయి. నేను దాన్ని పెంచలేనని మీ మనసులో ఉంటే నా మొహం మీదే అనండి. ఊల్య ఎక్కడికీ వెళ్ళదు."

ఆవిడ మామూలుగా ఒక మాటకు మూడు మాటలు అప్పగిస్తారు. ఈసారి మంచం అంచున కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. పదకొండు రోజుల్లో ఆ చేతులు కదలకుండా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి.

"సరే," అన్నారు. "ఆ బుద్ధి నాదే. నేనే అనుకుని వచ్చాను. సరేనా?"

అలా అంటూ నా వంక చూడలేదు. కొడుకు వంక చూశారు.

గ్లెబ్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"అమ్మ అనుకోలేదు తాయా."

"నువ్వు నోరు మూసుకోరా."

"అమ్మను నేనే రమ్మన్నాను. మే నెలలో ఉత్తరం రాశాను. వచ్చి ఊల్యను తీసుకెళ్ళమని."

మంచం కింద ఊల్య బొమ్మకు టీ పోస్తోంది.

"నన్ను అడగకుండా?" అన్నాను.

"మే నెలలో మూడు రోజులు ఇసుకగాలి వచ్చింది గుర్తుందా? పిల్లకు జ్వరం. నువ్వు తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతూ పాట పాడుతున్నావు. అంతకు ముందువారమే మేజరు గారి భార్య శనివారం బండెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆవిడ కూడా వెళ్ళేముందు అలాగే నవ్వుతూ తిరిగింది. నువ్వూ వెళ్ళిపోతావనుకున్నాను. పిల్ల అక్కడుంటే నీకు కాస్త తేలికవుతుందని, అప్పుడైనా ఉంటావని..."

"పాట పాడటం నచ్చి పాడాను గ్లెబ్! గాలి చప్పుడుకు తాళం కుదిరిందని పాడాను!"

"అది నాకు తెలీదు. ఏడుపు ఆపుకోవడానికి అనుకున్నాను."

"ఎనిమిదేళ్ళుగా నాతో కాపురం చేస్తున్నావు. ఏడవాలంటే నేను ఆపుకున్నానా ఎప్పుడైనా?"

"లేదు," అన్నాడు నిజాయితీగా.

నాకు చిత్రంగా కోపం రాలేదు. నేను ఇక్కడ సుఖంగా ఉన్నాననే కబురు ఒక్క ఇసుకకే చెప్పుకున్నాను. ఇంట్లో ఒక మనిషి దాన్ని చూసి భయపడుతున్నాడని నాకేం తెలుసు?

మా అత్తగారు లేచి, పెట్టెలోంచి కోటు తీశారు. ఊల్య గౌన్లు తీశారు. ఒక్కొక్కటే మంచం మీద పేర్చారు. చివరికి పెట్టెలో ఆవిడ బట్టలే, అడుగున నాలుగే నాలుగు జతలు, మిగిలాయి.

"పిల్ల ఇక్కడే ఉంటుంది," అన్నారు. "తాగుతోందిగా. నా కళ్ళారా చూశాను."

"నేనన్న మాటలన్నీ మీ మీద పడనిచ్చారు కదత్తయ్యా. ఒక్కమాట అనొచ్చు కదా, ఉత్తరం వచ్చిందని."

"అంటే ఏమవుతుంది? మీరిద్దరూ పోట్లాడుకుంటారు. అత్త మీద కోపం నాలుగు రోజుల్లో బండెక్కి పోతుంది. మొగుడి మీద కోపం ఇంట్లోనే ఉంటుంది." పెట్టె మూత వేశారు. మళ్ళీ తెరిచారు. "నాదేముంది. వెళ్తాను. కాకపోతే పశువుల ఫారంలో పని మానేసి వచ్చాను, పిల్లను చూసుకోవాలి కదా అని. నా దూడల్ని అప్పుడే ఎవరికో అప్పగించేసి ఉంటారు. ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో చూడాలి. ఏదో ఒకటి దొరుకుతుంది. నేలకు రంగైనా వేసుకుంటాను."

నేను గ్లెబ్ వంక చూశాను.

"పని మానేశావా? ముప్ఫై ఏళ్ళ పని. అమ్మా, నువ్వు ఆ సంగతి రాయలేదు."

"నువ్వు అడగలేదు."

అతను స్టూలు మీంచి లేచాడు. ఎక్కడ నిలబడాలో తెలియక, మా ఇద్దరికీ మధ్యన, తెరిచిన పెట్టె పక్కన నిలబడ్డాడు.

"తాయాకు ఏం కావాలో తాయాను అడగలేదు," అన్నాడు. "నువ్వు ఏం వదులుకుని వస్తావో నిన్నూ అడగలేదు. పదకొండు రోజులు రేడియో ముందు కూర్చుని మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే విన్నాను. తప్పు మీ ఇద్దరిదీ కాదు. నాది. నేను తప్పు చేశాను."